అరకు వెళ్ళడానికి ఏది మంచి కాలమో మా వరిచేను చెప్పింది

అరకు ఎప్పుడు వెళ్ళాలి అని ఇంటర్నెట్‌ని అడిగితే అక్టోబరు, ఫిబ్రవరి మధ్యలో అని రెండు సెకన్లలో చెబుతుంది. అదే ప్రశ్న మా ఇంట్లో అడిగితే జవాబు రావడానికి ఇరవై ఏడేళ్ళు పట్టింది. ఆలస్యానికి కారణం మా ఆరెకరాల వరిచేను. మా ఇంట్లో ఎవరు ఎక్కడికి ఎప్పుడు వెళ్ళాలో, అసలు వెళ్ళాలో వద్దో నిర్ణయించేది అదే. అమ్మా, నేనూ సలహా సంఘం సభ్యులం మాత్రమే. ఆ సంఘం సలహాలు ఇంతవరకూ ఎవరూ తీసుకోలేదు.

మా ఊరు పామర్రుకి నాలుగు కిలోమీటర్లు. నేను విజయవాడ భవానీపురంలో గది తీసుకుని ఉద్యోగం చేస్తున్నాను; అమ్మా నాన్నా ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చేస్తారు. అమ్మకి పెళ్ళయిన కొత్తలో ఎవరో చెప్పారట, కొండమీద ఊళ్ళలో కిటికీ తీస్తే మేఘం గదిలోకి వస్తుందని. మా ఊళ్ళో కిటికీ తీస్తే వచ్చేవి దోమలు. అందుకని ఆ మేఘం సంగతి ఆవిడ మనసులో అలాగే ఉండిపోయింది. అడిగినప్పుడల్లా నాన్న "చూద్దాంలే, చేలో పని కాస్త తెమలనీ" అనేవాడు. చేలో పని తెమిలిన రైతుని నేనింతవరకూ చూడలేదు. వాళ్ళిద్దరూ కలిసి చేసిన అతి పెద్ద విహారయాత్ర, పెళ్ళయిన నెలకి విజయవాడ వచ్చి బ్యారేజీ చూడటం. అమ్మ నదివైపు తిరిగి నిలబడిందట. నాన్న కాలువవైపు తిరిగి నిలబడి, ఎంత నీరు వదిలారో చూసి, "ఈ లెక్కన మన చేనుకి పది రోజులు పడుతుంది, పద పోదాం" అన్నాడట. అక్కడితో హనీమూన్ సమాప్తం.

ఈ వేసవిలో నేను ఊరెళ్ళినప్పుడు అమ్మ మోకాలికి తైలం రాసుకుంటూ, "ఇంకో రెండేళ్ళు పోతే నేను కొండెక్కలేనురా. అప్పుడిక ఆ మేఘమే దిగి రావాలి" అంది. నవ్వుతూనే అంది. ఆ రాత్రే నేను ఎక్సెల్ షీటు తెరిచాను. ఇంజనీరింగ్ చదివినవాడికి సమస్య ఎదురైతే చేసే మొదటి పని అదే. పరిష్కారం దొరకదు గానీ సమస్యకి గళ్ళు వస్తాయి.

పన్నెండు నెలలకి పన్నెండు వరసలు పెట్టి, ఒక గడిలో కొండ ఏమంటుందో, పక్క గడిలో చేను ఏమంటుందో రాశాను. నవంబరు నుంచి జనవరి దాకా కొండ రమ్మంటుంది: చలి, పొగమంచు, మొదట్లో వెళ్తే పొలాల నిండా పసుప్పచ్చని వలిసె పూలు. జనం కూడా అందరూ అప్పుడే వస్తారు కాబట్టి పదిహేను వందల గది నాలుగు వేలవుతుంది. చేను మాత్రం కోతలంటుంది. పైగా మా వైపు కోతకి రెండు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లుతారు. అప్పుడు రైతు ఊళ్ళో లేకపోతే ఇక ఏ పనికీ లేనట్టే. ఫిబ్రవరి, మార్చి కొండమీద హాయిగా ఉంటుంది, జనం పలచబడతారు. మాకు మినుము తీత. ఏప్రిల్, మే కాలువలు కట్టేస్తారు, చేను ఖాళీ, నాన్న ఖాళీ, కొండమీద జలపాతాలు కూడా ఖాళీ. అప్పుడు అమ్మకి ఆవకాయ. జూన్, జులై నారుమళ్ళు, నాట్లు. అక్టోబరులో వానలు వెనక్కి తగ్గి కొండ కడిగినట్టుంటుంది, నన్నడిగితే ఏడాది మొత్తంలో అదే మంచి నెల. కానీ మాకు అది తుపాన్ల కాలం, వరి పొట్టమీద, అంటే వెన్ను తియ్యబోతూ ఉంటుంది, నాన్న గడ్డం గీసుకోవడం కూడా మరిచిపోతాడు. మిగిలింది ఒకే ఒక సందు. నాట్లయి, నాటు కుదురుకున్నాక, వరలక్ష్మీ వ్రతానికీ వినాయక చవితికీ మధ్య నాలుగు రోజులు. ఆ గడిలో కొండ "జోరు వాన" అని స్పష్టంగానే అంది. నేను వినిపించుకోలేదు. జూన్‌లోనే టికెట్లు తీసేశాను.

ఈ ఏడాది కాలువకి నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. దాంతో నారు ఆలస్యం, నాట్లు ఆలస్యం. మేము బయలుదేరాల్సిన రోజుకి మా చేలో నాటు వయసు ఆరు రోజులు. వ్యవసాయం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఆరు రోజుల నాటుకి వేళ్ళింకా మట్టిని పట్టుకోవు, ఆకు జానెడు కూడా ఉండదు. మాది పల్లపు చేను. గట్టి వాన పడి మూడు నాలుగు రోజులు నీళ్ళ కింద ఉంటే కుళ్ళిపోతుంది. మళ్ళీ నాటుదామన్నా అప్పటికి ఎవరి దగ్గరా నారుండదు. ఏడాది పంట పోయినట్టే.

"టికెట్లు క్యాన్సిల్ చేసెయ్ రా" అన్నాడు నాన్న.

అమ్మ సంచిలో సర్దిన చీరలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బీరువాలో పెట్టడం మొదలుపెట్టింది. నాన్న కాసేపు చూశాడు. వీధిలోకి వెళ్ళాడు. మేఘాలున్నాయేమో చూసుకుని లోపలికొచ్చాడు.

"ఆ దుప్పటి కూడా పెట్టు. చలేస్తుందేమో అక్కడ."

అమ్మ చీరలు మళ్ళీ సంచిలో పెట్టింది. నాకు మాత్రం అప్పుడే భయం మొదలైంది. ఈ నాలుగు రోజుల్లో చేనుకి ఏదన్నా అయితే నాన్న ఇక జన్మలో ఊరు దాటడు. అమ్మ కూడా ఇక అడగదు. నా భయమంతా ఆ రెండోదాని గురించే.

చేను కాపలాకి మా శేషు మావయ్యని పెట్టారు. అమ్మ తమ్ముడు. మంచివాడు, నమ్మకస్తుడు, కానీ నిద్రలో ఆయనకి సాటి మా మండలంలో లేరు. పెళ్ళిలో తలంబ్రాలు పోసే టైములో కునుకు తీశాడని మా అమ్మమ్మ చెబుతుంది. బయలుదేరేరోజు సాయంత్రం పామర్రులో బస్సెక్కేదాకా నాన్న ఆయన చెయ్యి వదల్లేదు.

"వాన మొదలైతే వెంటనే తూర్పు గట్టు కొట్టు. నీళ్ళు మురుగు కాలువలోకి పోవాలి. కాలువ నిండిపోయాక కొట్టి లాభం లేదు. అర్థమైందా?"

"అర్థమైంది బావగారూ."

"రాత్రి పడితే?"

"లేస్తానండి."

ఆ మాట ఇద్దరూ నమ్మలేదు.

పామర్రు నుంచి విజయవాడ బస్సులో గంటకి పైన పడుతుంది. రాత్రి పదకొండుకి రైలెక్కితే తెల్లవారి అయిదున్నరకల్లా విశాఖపట్నం. స్లీపర్లో మనిషికి మూడొందల లోపే. అక్కడ దిగి, మొహం కడుక్కుని, ఇడ్లీ తిని, ఏడింటికి కాస్త ముందు బయలుదేరే కొండ రైలెక్కాలి. అద్దాల పెట్టెలో అయితే వందల్లో, మామూలు పెట్టెలో అయితే ఒక సినిమా టికెట్ కన్నా తక్కువ. మేము మామూలు పెట్టె ఎక్కాం. అమ్మకి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టే సౌకర్యం కావాలి, అద్దాల పెట్టెలో అది లేదు. దారిలో యాభైకి పైగా సొరంగాలొస్తాయి. అమ్మ ఇరవైదాకా లెక్కపెట్టి, ఒక జలపాతం అడ్డం రావడంతో లెక్క మరిచిపోయింది. నాన్న ఫోన్ ఆయన చేతిలోనే ఉంది. ప్రతి సొరంగంలో సిగ్నల్ పోవడం, బయటికి రాగానే ఆయన ఊపిరి తీసుకోవడం. మిగతా ప్రయాణికులు బయట లోయని చూస్తుంటే మా నాన్న ఫోన్ మీద గీతలు చూశాడు.

పదకొండుకి అరకులో దిగాం. సన్నటి తుంపర. స్టేషన్ బయట అప్పన్న అనే జీపు డ్రైవరు రోజుకి రెండు వేలడిగి పద్ధెనిమిది వందలకి ఒప్పుకున్నాడు. ఆఫ్ సీజన్‌లో వెళ్తే బేరానికి ఓపిగ్గా నిలబడే మనిషి దొరుకుతాడు, అదొక లాభం. లోయలో మళ్ళమళ్ళుగా వరి కనిపించగానే నాన్న మొదటిసారి కళ్ళు విప్పి చూశాడు.

"ఇక్కడ నీళ్ళ వంతు ఎవరు చూస్తారు బాబూ?"

"వంతేటండి?" అన్నాడు అప్పన్న. "పైనుంచి వస్తాది, కిందకి పోద్ది. మనమేటి చూడ్డం?"

నాన్న ఆ జవాబుని చాలాసేపు మనసులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి గాలికొండ వ్యూ పాయింటుకి వెళ్ళాం. తూర్పు కనుమలన్నీ కనిపిస్తాయని బోర్డుంది. బోర్డు తప్ప ఏమీ కనిపించలేదు. ఎటు చూసినా తెలుపు. వానాకాలంలో వెళ్ళేవాళ్ళు ఈ విషయం ముందే తెలుసుకుని వెళ్ళండి: దృశ్యాలు చూడాలంటే ఇది కాలం కాదు. మా అమ్మ మాత్రం అరగంట ఆ తెలుపుని చూసింది. "ఏం కనిపిస్తోందమ్మా?" అంటే, "మేఘం వెనకవైపు" అంది.

అక్కడినుంచి వచ్చి టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్లో చిన్న టీవీ. బంగాళాఖాతంలో అల్పపీడనం, కోస్తాలో ఈ రాత్రి భారీ వర్షాలు అని చెబుతున్నారు. వెనక పటంలో కృష్ణా జిల్లా మీద ఎర్రరంగు. నాన్న టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు. మావయ్యకి ఫోన్ కొట్టాడు. సిగ్నల్ లేదు. మళ్ళీ కొట్టాడు. లేదు.

"వెళ్దాం" అన్నాడు.

"పదండి" అంది అమ్మ. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. టీ సగం తాగింది, మిగతాది పారబోసి గ్లాసు కొట్టతని చేతికిచ్చింది. బతిమాలితే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అప్పన్న ఆకాశం చూశాడు. "ఇప్పుడెల్తే ఘాట్ రోడ్డులో చీకటి పడిపోద్దండి. వానకి రాళ్ళు జారతాయి. మిమ్మల్ని ఇప్పుడు దించలేను బాబూ. పొద్దున్న ఆరింటికి నేనే వచ్చి దించీస్తాను."

గెస్ట్ హౌస్ ఊరికి రెండు కిలోమీటర్లలో, కాఫీ తోటల మధ్య. గది పదిహేను వందలు, భోజనం విడిగా. మేము చేరేసరికి వాన దంచుతోంది. వాకిట్లో నీళ్ళు నిలబడటం చూసి నాన్నకి చేతులు ఆగలేదు. మూలనున్న పార తీసుకుని, లుంగీ ఎగ్గట్టి, వాన్లోకి దిగి కాలువ తియ్యడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఒక మనవి. అద్దెకిచ్చిన గదికి వచ్చిన అతిథి చెప్పకుండా వాకిలి తవ్వడం సభ్యత కాదని నాకు తెలుసు. వంట చేసే దేవమ్మగారు గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"అయ్యగారూ, వదిలెయ్యండి. అదే ఎల్లిపోద్ది."

"ఎలా పోతుందమ్మా? దారెక్కడుంది?"

"కొండండి బాబూ. నీళ్ళకి దారి మనం చూపించాలా?"

వాన కాస్త నెమ్మదించింది. పది నిమిషాల్లో వాకిట్లో చుక్క లేదు. నాన్న పార పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నలభై ఏళ్ళుగా నీళ్ళని తేవడం, పంపడం తప్ప వేరే పని ఎరగని మనిషి, తమంతట తాము వెళ్ళిపోయే నీళ్ళని మొదటిసారి చూశాడు. "అదృష్టవంతులు" అన్నాడు లోపలికొచ్చి తల తుడుచుకుంటూ. ఎవర్నన్నాడో అందరికీ తెలుసు. ఆ రాత్రి ఆయన పడుకోలేదు. అమ్మ కళ్ళు మూసుకుని పడుకున్నట్టు ఉంది. నేను కూడా అలాగే ఉన్నాను.

పొద్దున్న ఆరింటికి, దేవమ్మగారు చెప్పినట్టు, రోడ్డుమీద కల్వర్టు దగ్గరికి నడిచాం. సిగ్నల్ రెండు గీతలు అక్కడే వస్తాయట. అప్పన్న జీపు తెచ్చి, మా సంచులు ఎక్కించి, పక్కనే ఆపుకున్నాడు. నాన్న ఫోన్ స్పీకర్లో పెట్టాడు. ఆరుసార్లు మోగాక మావయ్య ఎత్తాడు. గొంతులో నిద్ర.

"ఏం శేషూ, వాన పడిందా?"

"పడింది బావగారూ. చీకటి పడుతూనే మొదలైంది, వాకిలంతా చెరువైంది."

నాన్న కల్వర్టు గోడమీద కూర్చుండిపోయాడు.

"గట్టు కొట్టావా?"

"కొట్టానండి."

"ఎన్నింటికి లేచావు?"

"నేనెక్కడ లేచానండి? ఇదిగో ఇప్పుడు మీరు లేపితే లేచా."

అమ్మ కళ్ళు మూసుకుంది.

"మరి ఎప్పుడు కొట్టావురా?"

"మొన్న సాయంత్రం మీరు బస్సెక్కారు కదా, ఇంటికొస్తూ దారిలోనే కొట్టేశా. అర్ధరాత్రి వానొస్తే నాకు మెలకువ రాదని నాకు తెలీదా బావగారూ? ముందే కొట్టేస్తే ఒక పనైపోతుంది, మనశ్శాంతిగా పడుకోవచ్చని."

నాన్న నోట రైతు మాటే వచ్చింది. "వాన చుక్క పడకముందే చేలో ఉన్న నీళ్ళన్నీ వదిలేశావా?"

"తిడితే తిట్టండి. నీళ్ళు మళ్ళీ పెట్టుకోవచ్చు. నేను పడుకున్నా నీళ్ళు పోవాలి కదా. కాలువలో అప్పటికి జాగా ఉంది, లాగేసుంటుంది. ఉండండి, చేలోకెళ్ళి ఫొటో పెడతా."

ఫొటో రావడానికి పావుగంట పట్టింది. మొదట మసగ్గా వచ్చింది: సగం పచ్చ, సగం మట్టిరంగు, మధ్యలో గుండ్రంగా తిరుగుతున్న గీత. "ఈ పచ్చ చేనా, గట్టు మీద గడ్డా?" అన్నాడు నాన్న. ఆ గీత అంత నెమ్మదిగా తిరగడం నేను పరీక్షా ఫలితాలప్పుడు కూడా చూడలేదు. ఉన్నట్టుండి ఫొటో తేటపడింది. పలచటి నీళ్ళు, పైకి వరసగా లేత కొనలు. ఒక మూల మాత్రం వాలిపోయింది. మిగతాదంతా నిలబడే ఉంది. నాన్న రెండు వేళ్ళతో పెద్దది చేసి, ఈ చివరి నుంచి ఆ చివరికి గట్టు మీద నడిచినట్టు నడిచి చూశాడు. ఆ తరువాత ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మేము బయలుదేరాక అది ఆయన జేబులోకి వెళ్ళడం అదే మొదటిసారి.

"దించీమంటారా బాబూ?" అన్నాడు అప్పన్న.

"దించడమేంటి?" అన్నాడు నాన్న. "ఇంకా పైన ఏమన్నా ఉందా?"

అప్పన్న జీపు కొండవైపు తిప్పాడు. అమ్మ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, తుంపర పడిందంది. ఆ నిమిషానికి తుంపర లేదు. ఆ రోజు కాఫీ తోటల్లో తిరిగాం. వెదురు బొంగులో కాల్చిన చికెన్ తిన్నాం; అరకిలో మూడున్నర వందలు, ముగ్గురికి చాలుతుంది, నాన్నతో వెళ్తే చాలదు. వాన జోరుగా ఉన్నప్పుడు వాగుల్లో, జలపాతాల కింద దిగవద్దని అప్పన్న ముందే చెప్పాడు, మేము దూరం నుంచే చూసి వచ్చేశాం. అమ్మ తమ్ముడి కోసం కాఫీ పొడి కొంటుంటే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"వాడికి కాఫీ అలవాటు చెయ్యకు. నిద్ర చెడిపోద్ది."

ఇంటికొచ్చాక ఎక్సెల్ షీటు మళ్ళీ తెరిచాను. ఆగస్టు గడిలో ఏం రాయాలో తెలియలేదు. చూడాల్సినవి చూసి ఫొటోలు తీసుకోవాలనుకునేవాళ్ళు అక్టోబరులోనో ఫిబ్రవరిలోనో వెళ్ళండి, ఇంటర్నెట్ చెప్పింది అబద్ధం కాదు. చలి కావాలంటే డిసెంబరు, గదులు నెల ముందే పట్టుకోండి. కానీ మంచి కాలం అన్నది కొండ ఒక్కటే చెప్పే విషయం కాదని నాకిప్పుడు అర్థమైంది. వెళ్ళే మనిషికి కూడా ఒక కాలం ఉంటుంది. మా ఇంట్లో అది ఇరవై ఏడేళ్ళకి ఒకసారి, తడిగా, రాళ్ళు జారే భయంతో, వ్యూ పాయింటులో ఏమీ కనిపించకుండా వచ్చింది. పక్కింటావిడ "అరకులో ఏం చూశారు వదినా?" అని అడిగితే, అమ్మ "ఏమీ కనపళ్ళేదు. ఎంత బాగుందో" అని జవాబిచ్చిందట. వచ్చే ఏడు నాట్లు ఎప్పుడవుతాయో నాన్న నాకు ఇప్పటినుంచే చెబుతున్నాడు. అడక్కుండానే.

వానాకాలంలో వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒక్కటే: తిరుగు టికెట్ ఒక రోజు ఆలస్యంగా తీసుకోండి. కొండమీద రాళ్ళు జారితే రైలైనా ఆగుతుంది, రోడ్డైనా ఆగుతుంది, ఆ రోజు అక్కరకొస్తుంది. ఏమీ జారకపోతే రోజు మిగిలిపోతుంది. మాకు మిగిలింది. ఆ రోజు మధ్యాహ్నం గెస్ట్ హౌస్‌లో భోజనం చేసి నాన్న మంచమెక్కి, శేషు మావయ్యని మించి నిద్రపోయాడు. మూడు గంటలప్పుడు అమ్మ కిటికీ తీసింది. మేఘం లోపలికొచ్చింది, దండెం మీద తువ్వాలునీ, నాన్న దుప్పటినీ కాస్త తడిపి, తలుపులోంచి బయటికెళ్ళిపోయింది. నేను నాన్నని లేపబోతే అమ్మ నోటిమీద వేలు పెట్టుకుని, "పడుకోనీరా" అంది.